నాంచారమ్మ మణికట్టు, రెండు క్యాసెట్లు

1987వ సంవత్సరం. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, మామిడి తోటల మధ్యనున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుని. ముప్ఫై పడకలు, ఇద్దరు డాక్టర్లు, ఒక ఎక్స్‌రే మిషను, వెనక రేకుల షెడ్డులో నా గది. ఫిజియోథెరపీ అంటే ఏమిటో ఆ చుట్టుపక్కల అప్పటికి చాలామందికి తెలియదు. "మాలీషు చేసే అమ్మ" అని నన్ను చూపించేవారు. విరిగిన ఎముకని డాక్టరు అతికిస్తాడు. అతికిన ఎముక చుట్టూ బిగుసుకుపోయిన కీలుని మళ్ళీ పనిలోకి తీసుకురావడం నా వంతు. కట్టు విప్పాక మొదటి రెండు మూడు నెలలే దానికి అదను. అదను దాటితే కీలు ఎక్కడ ఆగిందో దాదాపు అక్కడే ఉండిపోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ కేసు తలుచుకుంటే నాకు ఎందుకు ఒళ్ళు మండుతుందో మీకే తెలుస్తుంది.

నాంచారమ్మది ముసునూరు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మామిడి అంట్లు కట్టే మనిషి. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య. తల్లిచెట్టు కొమ్మల ఎత్తుకి వెదురు మంచె వేసి, దాని మీద టెంక మొక్కల కుండీలు వరసగా పేరుస్తారు. మొక్క కాండం మీద ఇంత, చెట్టు కొమ్మ మీద ఇంత పెచ్చు తీసి, ఆ రెండు గాయాలనీ ఎదురెదురుగా ఆనించి కట్టేస్తారు. పెచ్చు లోతుగా తెగితే మొక్క చస్తుంది, పైపైన తెగితే అతకదు. కట్టేవాళ్ళు చాలామంది దొరుకుతారు, కత్తి పట్టేవాళ్ళే తక్కువ. "కత్తి నాంచారమ్మదేనా?" అని అడిగి మరీ అంట్లు కొనేవాళ్ళుండేవారట. ఆ శ్రావణంలో వానకి నానిన మంచె మీద కాలు జారి, కుడిచేయి నేలకి ఆనించి పడింది. మణికట్టుకి కాస్త పైన ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టులో ఉంచి, విప్పాక డాక్టరు నా దగ్గరికి పంపాడు.

మోచేయి పక్కకి ఆనించి కూర్చోబెట్టి, "అరచేయి ఆకాశంకేసి తిప్పు" అన్నాను. దీన్ని మా భాషలో సూపినేషన్ అంటారు. దోసిలి పట్టాలన్నా, తాళం తిప్పాలన్నా ఈ కదలికే కావాలి. నాంచారమ్మ పళ్ళు బిగబట్టి తిప్పింది. చేయి తిరగకుండా భుజం వంగింది. గోనియోమీటరు పెట్టి చూశాను. అది కీలు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో కొలిచే సాధనం. ఎనభై దాకా తిరగాల్సిన చేయి పాతిక దగ్గర ఆగింది.

"కత్తి పట్టుకుంటే పిడికిలి బిగుస్తోందండీ డాక్టరమ్మా. ఇటేపుకే తిరగట్లేదు. పెచ్చు తియ్యాలంటే ఇట్టా తిరగాలి గదండీ," అంది, ఎడం చేత్తో గాలిలో కోసి చూపిస్తూ.

నేను డాక్టరుని కానని చాలాసార్లు చెప్పాను. వినేది కాదు.

ఈ కదలిక తెప్పించడానికి పద్ధతులు లేకపోలేదు. కర్ర పట్టించి అటూ ఇటూ తిప్పించడం, వేడినీళ్ళ కాపడం, నేను చేత్తో మెల్లగా లాగడం. కానీ నొప్పి ఉంటుంది. పది లెక్కపెట్టేసరికి రోగి ఆపేస్తాడు. ఇంటికెళ్ళి చెయ్యమంటే చెయ్యడు. ఆ సమస్యకి నా గదిలో ఒక విచిత్రమైన మందు దొరికింది: టీవీలో ఆడే ఆట.

మా దగ్గర రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోయిన ఒక విదేశీ నర్సు వదిలేసిన పెట్టె అది. దాన్ని టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద రెండు తెల్లటి గీతలు, మధ్యలో ఒక చుక్క కనిపిస్తాయి. పెట్టెకి వైర్లతో రెండు నాబులు ఉండేవి, రేడియోలో స్టేషను మార్చే నాబులాంటివే. నాబు తిప్పితే గీత కదులుతుంది. గీతతో చుక్కని కొట్టాలి. అంతే ఆట. మా ఆసుపత్రి వడ్రంగితో ఆ నాబుకి జానెడు చెక్క పిడి పెట్టించాను. రోగి మోచేయిని తుండుగుడ్డతో నడుముకి కట్టేస్తే, పిడి తిప్పాలంటే ముంజేయి తిరిగి తీరాలి. చుక్క వెంట పడ్డ మనిషికి నొప్పి రెండోది అయిపోతుంది. పది లెక్కపెట్టలేనివాళ్ళు ఇరవై నిమిషాలు ఆడేవారు.

నాంచారమ్మ మొదటిరోజు సిగ్గుపడింది. "పెద్దదాన్ని, నాకెందుకండీ ఈ ఆటలు" అంది. మూడోరోజుకి చుక్క తప్పిపోతే దాన్ని తిట్టడం మొదలుపెట్టింది. మూడు వారాల్లో పాతిక డిగ్రీలు నలభై అయిదుకి వచ్చాయి. ఒకరోజు అరచేతిలో నీళ్ళు పోయించుకుని, కొంత ఒలికిపోయినా, తాగి చూపించింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

దీపావళి ముందు వారంలో కరెంటు ఒక్కసారిగా ఎక్కువై పెట్టె కాలిపోయింది. నూజివీడులో రేడియోలు, టీవీలు బాగుచేసే బాబ్జీ దగ్గరికి పట్టుకెళ్ళాను. పైమూత విప్పి, వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఆట మొత్తం ఈ ఒక్క చిప్పులోనే ఉందండీ. ఇది పోయాక మిగిలింది ఖాళీ డబ్బానే. ఈ చిప్పు మెడ్రాసు వెళ్ళినా దొరకదు. నాబులు మాత్రం బంగారంలా ఉన్నాయి. వాటిని పారేయకండి," అన్నాడు.

నాబులు కోసి, వైర్లు చుట్టి నా చేతిలో పెట్టాడు.

సరిగ్గా అప్పుడే ట్రస్టు సెక్రటరీ శేషగిరిరావు గారు ఆసుపత్రికి కంప్యూటరు తెప్పించారు. ఆయన గురించి ఒక మంచిమాట ముందే చెప్పాలి. ఆ ఎక్స్‌రే మిషను ఆయన పదేళ్ళు తిరిగితే వచ్చింది. ఆసుపత్రికి ఏదైనా తేవాలన్న తపన ఆయనకుండేది. తెచ్చాక దాన్ని ఎవరెలా వాడుతున్నారో చూసే ఓపికే ఉండేది కాదు. కంప్యూటరంటే ఇప్పటి రకం కాదు. అప్పట్లో కొన్ని పెద్ద స్కూళ్ళకి వచ్చిన చిన్న రకం: కీబోర్డులోనే అంతా ఉంటుంది, టీవీకి తగిలించాలి, ప్రోగ్రాములు టేప్‌రికార్డరులో క్యాసెట్టు వేసి ఎక్కించాలి. నా ఆట పెట్టె కాలిపోయిందని విని ఆయనే విజయవాడ డీలరుని పిలిపించారు.

ఆ డీలరు నోటే నేను మొదటిసారి ఎమ్యులేటర్ అనే మాట విన్నాను. ఒక యంత్రం ఇంకో యంత్రంలా నడుచుకునేట్టు చేసే ప్రోగ్రామట. "మీ పాత ఆట పెట్టె పోయినా ఫరవాలేదు మేడమ్. ఈ క్యాసెట్టు ఎక్కిస్తే కంప్యూటరే ఆ పెట్టె అయిపోతుంది," అన్నాడు. రెండు క్యాసెట్లు తెచ్చాడు. రెండిట్లో ఒకటి ఎంచుకుని, ఎందుకో కాగితం మీద రాసివ్వమన్నారు సెక్రటరీ గారు.

ఆఫీసు గదిలో రెండూ వేయించి చూశాను. ఒక్కోటి ఎక్కడానికి కీచుమంటూ అయిదారు నిమిషాలు పట్టేది. మొదటిది విదేశాల్లో తయారైంది. అట్ట మీద రంగుల బొమ్మ. ఎక్కగానే పాట మోగింది. పచ్చటి మైదానం, ఎర్ర గీత, పసుపు చుక్క, పైన స్కోరు. ఒకటి కాదు, ఎనిమిది ఆటలు. సెక్రటరీ గారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. నేను చూసింది ఒక్కటే: గీత కదలాలంటే కీబోర్డు మీద రెండు మీటలు నొక్కాలి. ఒకటి నొక్కితే పైకి, ఒకటి నొక్కితే కిందికి. దానికి ఒక వేలు చాలు. మణికట్టు తిరగనక్కరలేదు.

రెండోది విజయవాడలో ఒక కాలేజీ ఎలక్ట్రానిక్స్ లెక్చరరు సొంతంగా రాసి డీలరుకిచ్చింది. అట్ట మీద చేతిరాత. నలుపు తెలుపు. రెండు గీతలు, చుక్క, అచ్చం మా పాత పెట్టె. పాటా లేదు, పద్యమూ లేదు. కానీ కంప్యూటరు వెనక ఒక సాకెట్టు ఉంది, అక్కడ నాబులు తగిలిస్తే ఈ ప్రోగ్రాము నాబు ఎంత తిరిగిందో కొలుచుకుని గీతని అంతే కదుపుతుంది. అంతకంటే గొప్ప సదుపాయం ఇంకోటుంది. ఆట మొదట్లో మూడు ప్రశ్నలు అడుగుతుంది: చుక్క ఎంత వేగం, గీత ఎంత పొడుగు, నాబు ఎంత తిప్పితే గీత తెర ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళాలి. ఆ మూడో ప్రశ్నని రెండుసార్లు చదివాను. ఈరోజు నలభై డిగ్రీలు తిప్పితే చాలని పెట్టొచ్చు. వారం తర్వాత యాభై, ఆ తర్వాత అరవై. రోగికి తెలియకుండానే చేయి ఎక్కువ తిరగాల్సి వస్తుంది. పాత పెట్టెలో కూడా ఈ సౌకర్యం లేదు.

పేజీన్నర రాశాను. రెండో క్యాసెట్టే కావాలి, మొదటిది చికిత్సకి పనికిరాదు, ఎందుకంటే అందులో చేయి తిరగదు అని స్పష్టంగా రాసి సంతకం పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను.

వారం తర్వాత వచ్చింది మొదటి క్యాసెట్టు.

పరుగున ఆఫీసుకి వెళ్ళాను. శేషగిరిరావు గారు ఆహ్వాన పత్రిక ప్రూఫు దిద్దుకుంటున్నారు. 'కంప్యూటర్ ఫిజియోథెరపీ విభాగం ప్రారంభోత్సవం.'

"నేను రాసింది రెండోది కదా సార్?"

"చదివానమ్మా సుశీలా. కానీ ట్రస్టు పెద్దలొస్తున్నారు. వాళ్ళ ముందు ఆ నలుపు తెలుపు గీతలు చూపిస్తే ఏం బాగుంటుంది చెప్పు? అది మనవాడెవరో చేతిరాతతో ఇచ్చింది. ఇది పెద్ద కంపెనీ సరుకు."

"దీంట్లో చేయి తిరగదు సార్."

"రెండూ ఒకటే ఆట కదమ్మా? చుక్కని కొట్టడమేగా!"

"కొట్టేది చుక్కనే. కానీ నాకు చుక్కతో పనిలేదు సార్. చేయి ఏం చేస్తోందన్నదే నాకు కావాలి."

ఆయన నవ్వారు. "నువ్వు మరీ లోతుగా వెళతావు. ముందు ప్రారంభం కానీ. తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత చూద్దాం' అన్న మాట విని నేను వెనక్కి వచ్చేశాను. నా మీద నాకున్న కోపం ఇక్కడినుంచే మొదలవుతుంది. అక్కడే నిలబడి ఒప్పుకోనని చెప్పాల్సింది. చెప్పలేదు. పైగా, రోగికి నేనిచ్చే అరగంటలో ఇరవై నిమిషాలు కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టాలని, రిజిస్టరులో రాయాలని ఆర్డరు వేస్తే, దానికీ సరేనన్నాను. మిగిలిన పది నిమిషాల్లో కర్రతో తిప్పించొచ్చులే అనుకున్నాను. పది నిమిషాల్లో కాపడం పెట్టేసరికే సమయం అయిపోయేది.

ప్రారంభోత్సవం రోజున నాంచారమ్మకి కొత్త చీర కట్టుకుని రమ్మని కబురు పంపారు. నా గదిని రంగుకాగితాలతో నింపారు. ట్రస్టు పెద్దలు నలుగురు, ఒక ఫొటోగ్రాఫరు. నాంచారమ్మ చూపుడు వేలుతో మీటలు నొక్కుతుంటే తెర మీద పసుపు చుక్క ఎగిరింది, పాట మోగింది, పెద్దలు చప్పట్లు కొట్టారు. అందులో ఒకాయన వంగి అడిగాడు:

"ఎలా ఉందమ్మా?"

"బొమ్మలు బాగున్నాయండీ. నా చెయ్యే, ఎట్టా ఉందో అట్టానే ఉందండీ," అంది నాంచారమ్మ.

అందరూ ఘొల్లున నవ్వారు. అమాయకత్వం అనుకున్నారు. ఆమె నవ్వలేదు. నాకేసి చూసింది. నేను తల తిప్పుకుని గోనియోమీటరు తుడుచుకుంటూ నిలబడ్డాను.

తర్వాత నాలుగు వారాలు ఇదే తంతు. వారానికి మూడుసార్లు ముసునూరు నుంచి బస్సెక్కి వచ్చేది. ఇరవై నిమిషాలు మీటలు నొక్కేది. ప్రతి శనివారం నేను కొలిచేదాన్ని. నలభై అయిదు. నలభై అయిదు. నలభై మూడు. నలభై అయిదు. ఇంటి దగ్గర కర్రతో చెయ్యమని చెప్పేదాన్ని. చేస్తున్నానండీ అనేది. పొద్దున్నే వంట, పశువులు, ఆ పైన కుప్పనూర్పుల పని, అంతా ఎడమ చేత్తో. ఎంత చేసిందో, ఎంత చెయ్యలేకపోయిందో నాకు తెలియనిది కాదు. శేషగిరిరావు గారిని రెండుసార్లు అడిగాను. ఒకసారి బడ్జెట్టు అన్నారు. ఇంకోసారి, "ఒకే ఆట రెండుసార్లు కొంటామా? ఆడిటరు అడిగితే ఏం చెప్పను?" అన్నారు.

అయిదో శనివారం కూడా నలభై అయిదే వచ్చింది. చార్టు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి ఆయన బల్ల మీద పరిచాను. అక్కడ డాక్టరుగారు కూడా ఉన్నారు.

"మూడు వారాలు నాబు తిప్పితే ఇరవై డిగ్రీలు వచ్చాయి. అయిదు వారాలు మీ రంగుల బొమ్మలు చూస్తే ఒక్క డిగ్రీ రాలేదు. ఇవి పోయిన వారాలు సార్. మళ్ళీ రావు. ఆమె చేయి ఫొటోకి పనికొచ్చింది. కత్తికి పనికిరాదు."

"అరవకమ్మా," అన్నారు ఆయన. "ఇంకా మిగతా వ్యాయామాలు లేవా? అంతా ఆట మీదే ఆధారపడుతుందా?"

"ఆ వ్యాయామాల టైమంతా ఆటకిమ్మని ఆర్డరు వేసింది ఎవరు?"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను బయటికి వచ్చేశాను. ఆ కోపంలో కూడా ఒక సంగతి లోపల గుచ్చుతూనే ఉంది. ఆర్డరు వేసింది ఆయన, పాటించింది నేను.

ఆ సోమవారం నాంచారమ్మ రాలేదు. బుధవారమూ రాలేదు.

శుక్రవారం సెలవుపెట్టి విజయవాడ బస్సెక్కాను. డీలరు దగ్గర అడ్రసు తీసుకుని ఆ లెక్చరరు మూర్తి గారి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. చిన్న వాటా, ముందుగదిలో వైర్లు, విప్పేసిన రేడియోలు. నేనేదో ఫిర్యాదు చేయడానికి వచ్చానని ఆయన మొదట అనుకున్నాడు. నేను మూడో ప్రశ్న గురించి అడిగాను: నాబు ఎంత తిప్పాలో మార్చుకునే ఏర్పాటు ఎందుకు పెట్టారని.

ఆయన ఎదురుగా ఉన్న రేడియోని పక్కకి జరిపాడు. "మా నాన్నగారికి పక్షవాతం వచ్చిందండీ. ఆయనకి ఆ ఆట ఇష్టం. మామూలుగా అయితే నాబు అంత దూరం తిప్పలేరు. అందుకని కొద్దిగా తిప్పినా గీత మొత్తం వెళ్ళేట్టు పెట్టాను. డీలరుకి ఆ సంగతి చెప్పినా పట్టించుకోలేదు. రంగులెందుకు లేవని అడిగాడు."

అక్కడికక్కడే క్యాసెట్టు కాపీ తీసి ఇచ్చాడు. నాబుల వైర్లు వెనక సాకెట్టుకి ఎలా అతకాలో బొమ్మ గీసి ఇచ్చాడు. కాఫీ ఇచ్చాడు. డబ్బు మాటెత్తితే చేతులు జోడించాడు. ఆరోజు నేను చూసిన ఏకైక పెద్దమనిషి ఆయనే.

ఆ బొమ్మ చూసి బాబ్జీ మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వచ్చి గంటలో అతికేశాడు. చెక్క పిడి మళ్ళీ ఎక్కించాం. తిప్పి చూశాను. గీత నా చేతి వెంటే కదిలింది. ఎవరి అనుమతీ అడగలేదు.

ఇక నాంచారమ్మని తీసుకురావాలి. మధ్యాహ్నం బస్సుకి ముసునూరు వెళ్ళాను. ఇల్లు కనుక్కునేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఎడమ చేత్తో చేటలో కందులు ఏరుతోంది. కూర్చోమని పీట వేసింది. మంచినీళ్ళిచ్చింది. మర్యాదకి లోటు చెయ్యలేదు. ముఖం మాత్రం మూసేసిన తలుపులా ఉంది.

"ఎందుకు రావట్లేదు నాంచారమ్మా?"

"వచ్చి ఏం చెయ్యనండీ."

"కొత్త క్యాసెట్టు తెచ్చాను. పాత ఆటే. నాబు తిప్పేది. సోమవారం నుంచి..."

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుతాను. కోపం చేసుకోమాకండి," అంది చేట పక్కన పెట్టి. "ఆ మీటలు నొక్కితే నా చెయ్యి తిరగదని మీకు మొదటిరోజే తెలుసా, తెలీదా?"

నేను తెలుసన్నాను.

"ఆళ్ళకి తెలీదు. సెక్రటరీ గారికి తెలీదు. ఫొటో తీసినాయనకి తెలీదు. ఆళ్ళ మీద నాకేం కోపం లేదండీ. మీకు తెలుసు. తెలిసీ అయిదు వారాలు నా చేత మీటలు కొట్టించారు. శనివారం శనివారం కొలిచి, ఏం మాట్లాడకుండా కాయితం మీద రాసుకున్నారు. అదే మీ చెయ్యయితే కొట్టించేవోళ్ళా?"

నేను చెప్పడానికి సంజాయిషీలు చాలా ఉన్నాయి. పేజీన్నర రాశాననీ, రెండుసార్లు అడిగాననీ, ఆఫీసులో అరిచాననీ. అవేవీ ఆమె చేతిని ఒక్క డిగ్రీ కూడా తిప్పవు.

"తప్పు నాదే," అన్నాను.

ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. లోపల్నుంచి ఆడబిడ్డ లక్ష్మి వచ్చి గుమ్మంలో నిలబడింది. "వెళ్ళొదినా. పోయింది పోయింది. ఉన్నదన్నా నిలబెట్టుకో," అంది.

సోమవారం నాంచారమ్మ వచ్చింది. నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మోచేయి కట్టించుకుంది, పిడి పట్టుకుంది. వేగం తగ్గించి, గీత పొడుగు పెంచి, నలభై డిగ్రీల దగ్గర మొదలుపెట్టాను. వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. ఆమె పంతంగా ఆడింది. చుక్కని తిట్టడం కూడా మానేసింది. ఒకరోజు శేషగిరిరావు గారు అటుగా వెళుతూ నలుపు తెలుపు తెర చూసి ఆగారు. "ఇదెక్కడిది?" అన్నారు. "నేను తెచ్చాను," అన్నాను. తెరకేసి మరోసారి చూసి వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి చివరికి అరవైకి వచ్చింది. మార్చి మొత్తం చేశాం. అరవై రెండు. ఏప్రిల్లోనూ అంతే. ముట్టుకుని చూస్తే తెలిసిపోయింది. కీలు చివర మెత్తగా సాగే గుణం పోయి గట్టిగా తగులుతోంది. ఇక రాదు. అయిదు వారాలు పోకపోయుంటే ఎంత వచ్చేదని నన్ను చాలామంది అడిగారు. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. మొదటి మూడు వారాల్లో వచ్చినంత వేగం కాకపోయినా, సగం వేగంతో వచ్చినా, ఆమెకి కావలసింది వచ్చేది. నా నమ్మకం అది.

దోసిలి పట్టగలదు. అన్నం తినగలదు. బిందె మోయగలదు. మామూలు మనిషికి అరవై రెండు డిగ్రీలు ఎక్కువే. కానీ ఆ తొలకరికి తోటలో మంచె ఎక్కి కత్తి పట్టినప్పుడు, కొమ్మ అడుగువైపు నుంచి పెచ్చు తియ్యడానికి చేయి చివరికంటా తిరగలేదు. రెండు రోజులు ప్రయత్నించింది. పెచ్చులు లోతుగా తెగాయి. మూడోరోజు కత్తి ఆడబిడ్డ చేతికిచ్చి తను కట్టు కట్టడానికి కూర్చుంది. ఈ సంగతి లక్ష్మే నాకు చెప్పింది. "మా వదిన ఏడవలేదండీ. నాకు కొయ్యటం నేర్పింది. తప్పు కోస్తే మాత్రం అప్పుడు తిట్టిన తిట్లు..." అని ఆగిపోయింది.

ఆ ఏడాది వార్షిక నివేదిక రాసేటప్పుడు శేషగిరిరావు గారు నాంచారమ్మ కేస్ షీట్ పంపమన్నారు. 'కంప్యూటర్ చికిత్సతో పూర్తిగా కోలుకున్న రోగి' అని ప్రారంభోత్సవం ఫొటోతో సహా వేస్తారట. కేస్ షీట్ అంటే రోగి వచ్చిన రోజునుంచి వెళ్ళిన రోజుదాకా ఏం చేశామో రాసే కాగితాల కట్ట. చివరి పేజీ అప్పటికి నేను పూర్తి చెయ్యలేదు. ఆరోజు కూర్చుని పూర్తి చేశాను. నాబు ఆటతో వచ్చిందెంత, మీటల ఆటతో వచ్చిందెంత, అయిదు వారాలు ఎలా పోయాయి, ఎవరు ఆర్డరు వేశారు, ఎవరు తెలిసీ పాటించారు, అన్నీ రాశాను. పాటించినవాళ్ళ దగ్గర నా పేరు రాసి సంతకం పెట్టాను.

ఆయన నన్ను పిలిపించారు. "ఈ పేజీ మార్చమ్మా. ఇది ఆసుపత్రికి అప్రతిష్ఠ."

"మార్చను సార్. మీరు చించాలంటే చించండి. నా దగ్గర ఇంకో ప్రతి ఉంది."

"ఒక కూలిమనిషి చేయి ఇరవై డిగ్రీలు తక్కువైతే ఇంత రాద్ధాంతమా?"

ఆ మాటకి నేనేమన్నానో ఇక్కడ రాయను. పక్కగదిలో క్లర్కు తలుపు వేసేశాడని మాత్రం గుర్తుంది. నివేదికలో నాంచారమ్మ కథ రాలేదు. ఎక్స్‌రే మిషను ఫొటో వేశారు. ఆ తర్వాత ఏడాదికి నేను వేరే ఆసుపత్రికి మారాను. వచ్చేముందు రెండో క్యాసెట్టు ఎలా వాడాలో, మూడో ప్రశ్నకి ఏ రోగికి ఏ సంఖ్య పెట్టాలో తెలుగులో రాసి గోడకి అంటించాను.

ఈ కేసు నాకు నేర్పింది రెండు మాటల్లో చెప్తాను. పాత యంత్రం స్థానంలో కొత్తది తెచ్చినప్పుడు, అచ్చం పాతదానిలాగే ఉందా అని అందరూ తెరకేసి చూస్తారు. మనిషి దాని ముందు కూర్చుని ఒళ్ళు ఎలా కదుపుతున్నాడో చూడాలి. అది కుదరకపోతే మిగతావన్నీ కుదిరినా అది వేరే యంత్రమే. ఇది తేలిగ్గా నేర్చుకున్నాను, మొదటిరోజే తెలిసిన విషయం కాబట్టి.

రెండోది కష్టంగా నేర్చుకున్నాను. తెలిసినవాళ్ళు కాగితం మీద రాసి ఊరుకుంటే, అది తెలియనట్టే లెక్క. ఆ తర్వాత నా వృత్తిలో ఒక నియమం పెట్టుకున్నాను. పది రోజులు కొలిచినా కదలిక పెరగకపోతే, చేయిస్తున్నది ఏదైనా ఆపేస్తాను. ఎవరు కొన్నారు, ఎవరు ఆర్డరు వేశారు, ఎవరికి కోపమొస్తుంది అన్నది పదకొండో రోజున ఆలోచిస్తాను. దానివల్ల రెండు ఉద్యోగాలు పోయాయి. వాటి గురించి నాకు బాధ లేదు.